గోడమీది పాలరాయి

భీమ్‌గల్ చుట్టుపట్ల నున్న గుట్టలు గ్రానైటు జాతి రాతితో ఏర్పడినవి. నిజామాబాదు జిల్లా తూర్పు భాగము ఇంచుమించు ఇట్టిదే. పడమట బోధన్ వైపు పోయినచో నల్లరేగడి నేలలు, లావా చల్లబడి ఏర్పడిన నల్లరాయి కనబడును. ఈ రెండు జాతుల రాళ్లును గట్టివి. పునాదికి, గోడకు మేలైనవి. కాని పాలరాతి తెలుపు వానికి లేదు. పాలరాతికి పేరుపొందిన మక్రానా గనులు రాజస్థానములో, ఇక్కడికి సుమారు వేయి కిలోమీటర్ల దూరమున నున్నవి. ఎడ్లబండ్ల కాలములో అంత దూరమునుండి రాతిపలకలు తెప్పించుట రాజులకు సైతము భారమే.

ఐనను తెలంగాణములోని పాత గడీలలోను, కోటలలోను, సంపన్నుల ఇండ్లలోను కొన్ని లోపలి గోడలు పాలరాతివలె మెరయును. చేయి యుంచినచో చల్లగా, నున్నగా తగులును. అది పలకలు పరచిన గోడ కాదు. మేస్త్రీ తాపీతో వేసి, నునుపురాతితో మెరుగుపెట్టిన సున్నపు పూత. ఒక పదార్థమును మరియొక పదార్థమువలె కనబడజేయు ఈ కళ లోకమంతట కలదు. నేడు పట్టణములలో గోడలకు గరుకు పూత వేయించి, దానిపై రంగులతో రాయి, చెక్క, ఇటుక రూపములు తీర్పించుట దీని కొత్త రూపమే. ఈ కళ చరిత్రను పరిశీలించువారికి ఒక ప్రశ్న తప్పక ఎదురగును: నకలు చేసినదంతయు నకిలీయేనా? పాత సున్నపు పూత విషయమున రసాయన శాస్త్రము ‘కాదు’ అని చెప్పుచున్నది. ఆ సమాధానము తెలియకపోవుట చేతనే నేడు అనేకమైన పాతగోడలు చెడిపోవుచున్నవి.

రోమనుల గోడలు

ఇటలీలో వెసూవియసు అగ్నిపర్వతము క్రీ. శ. 79లో ప్రేలి, పాంపే నగరమును బూడిదలో కప్పివేసెను. ఆ బూడిదయే అచ్చటి గోడలను కాపాడినది. త్రవ్వకములలో బయటపడిన గోడ అలంకారములను జర్మను పండితుడు ఆగస్టు మావ్ 1882లో నాలుగు శైలులుగా విభజించెను. వానిలో మొదటిది ముఖ్యముగా క్రీ. పూ. 2వ శతాబ్దికి చెందినది. ఆ శైలికి బొమ్మలు ప్రధానము కావు. గారను దిమ్మెలు దిమ్మెలుగా ఉబ్బెత్తుగా తీర్చి, ఒక్కొక్క దిమ్మెకు ఒక్కొక్క వన్నె వేసి, గోడ యంతయు రంగురంగుల పాలరాతి బండలతో కట్టినట్లు కనబడజేసిరి. గోడకు ఉబ్బెత్తు రూపమిచ్చి, దానిపై రంగుతో రాతిని అనుకరించుట నేటి అలంకరణకారుల నూతన కల్పన కాదని దీనివలన తెలియుచున్నది.

క్రీ. పూ. 1వ శతాబ్దికి చెందిన విట్రూవియసు అను వాస్తుశాస్త్రజ్ఞుడు తన గ్రంథము 7వ భాగమున ఈ పనిని వివరించెను. ఇసుక కలిపిన సున్నము మూడు పూతలు, వానిపై పాలరాతి పొడి కలిపిన సున్నము మూడు పూతలు వేయవలెనని ఆయన నియమము. రంగులు తడి పూతపైననే వేయవలెను. అట్లు వేసిన రంగు రాలిపోదు. ఇందుకు ఆయన చెప్పిన కారణము నేటి శాస్త్రమునకు సరిపోదు. పద్ధతి మాత్రము సరియైనదే.

తరువాతి కాలములో, 17వ శతాబ్దిలో, ఇటలీయందు స్కాల్యోలా అను మరియొక పద్ధతి వృద్ధిచెందెను. ఇందులో సున్నమునకు బదులు జిప్సముపొడి, జిగురు, రంగులు కలిపి ముద్దచేసి, రాతి చారలు లోపలినుండియే వచ్చునట్లు చేయుదురు. చూపునకు ఇది పాలరాతికి తీసిపోదు. కాని జిప్సము నీటికి లొంగును. కావున ఈ పని ఇంటి లోపలికే తగినది.

దక్కనులో గార

మన దేశమున గోడను నునుపుచేయు విద్య మిక్కిలి పాతది. నేటి నిజామాబాదు ప్రాంతము కూడ కళ్యాణి చాళుక్యుల ఏలుబడిలో నున్న 12వ శతాబ్దిలో, ఆ వంశమునకు చెందిన మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసము అను సంస్కృత గ్రంథమును రచించెను. చిత్రలేఖనమునకు గోడను సిద్ధపరచు విధానము అందు కలదు. మొదట సున్నపు పూతతో గోడను నునుపు చేయవలెను. గేదె చర్మమును నీటిలో వెన్నవలె మెత్తబడువరకు ఉడికించి, ఆ జిగురును ఎండబెట్టి కణికలుగా చేయవలెను. దీనికి వజ్రలేపమని పేరు. దీనిని వేడినీటిలో కరగించి, తెల్లమట్టిలో కలిపి, గోడకు పూత వెంబడి పూత వేయవలెను. రాజు వ్రాసిన గ్రంథమున గోడపూతకు చోటు లభించుటనుబట్టి ఆ విద్యకు గల గౌరవము తెలియుచున్నది.

కుతుబ్‌షాహీల కాలమున గారపని ఉన్నత స్థితికి వచ్చెను. 1591లో నిర్మాణమైన చార్మినారులో రాతికట్టడమును సున్నపు గచ్చుతో కప్పి, పూలు, ఆకులు, గొలుసులు మున్నగు అలంకారములను గారతోనే తీర్చిరి. గోల్కొండ సమీపమున నున్న కుతుబ్‌షాహీ సమాధుల పైని అలంకారములును ఇట్టివే. గ్రానైటును సున్నితముగా చెక్కుట కష్టము. గారను మలచుట సులభము. రాయి గోడకు బలము నిచ్చినది, గార దానికి అందము నిచ్చినది.

హైదరాబాదులోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా రంగునకు సంబంధించిన మరియొక ఉదాహరణము. 1590 తరువాతి సంవత్సరములలో మొదలై, 17వ శతాబ్ది తొలినాళ్లలో పూర్తియైన దీని గోడలపై మెరుగు పలకల చిత్రపని కలదు. 1908 సెప్టెంబరులో మూసీనదికి వచ్చిన వరద ఈ పలకలకు హాని చేసెను. పలకలు పోయిన చోట్ల పిమ్మట గారమీద రంగులతో అదే నమూనాను అనుకరించి పూరించిరి. ఇచ్చట నకలు మోసము కొరకు చేసినది కాదు. పోయినదాని రూపమును నిలుపుటకు చేసినది.

నిజామాబాదు ప్రాంతమున ఈ పనికి దోమకొండ కోట మంచి ఉదాహరణము. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడువరకు ఇది నిజామాబాదు జిల్లాలోనే యుండెను. దోమకొండ సంస్థానాధీశుల ఈ కోటలోని కట్టడములలో గుండ్రని స్తంభములు, కమానులు, గార అలంకారములు కలవు.

మద్రాసు సున్నము కీర్తి

తెలుగువారును తమిళులును కలిసి పనిచేసిన మద్రాసు పట్టణమున సముద్రపు గుల్లలను కాల్చి చేసిన సున్నము లోకప్రసిద్ధి గాంచెను. సెయింట్ హెలీనా ద్వీపమునకు గవర్నరైన ఐజాక్ పైక్ మద్రాసులో గచ్చు తయారుచేయు పద్ధతిని వివరించి వ్రాసిన లేఖను లండనులోని రాయల్ సొసైటీ తన పత్రికలో 1732లో ప్రకటించెను. ఇసుకను, సున్నమును బెల్లపు నీటితోను, పప్పుధాన్యపు గంజితోను, కరక్కాయల కషాయముతోను కలుపుట, మీదిపూతకు కోడిగ్రుడ్డు తెల్లసొన, నేయి, పెరుగు వాడుట అందులో చెప్పబడినవి. మన మేస్త్రీలు నోటిమాటగా కాపాడుకొన్న విద్య విజ్ఞానపత్రికకు ఎక్కుట అప్పటికే జరిగినది.

1780లో మద్రాసులో దిగిన విలియం హాడ్జెస్ అను ఆంగ్ల చిత్రకారుడు, 1793లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున, అచ్చటి భవనముల గుల్లసున్నపు పూత పాలరాతివలె మెరుగెక్కి యుండునని మెచ్చుకొనెను. హైదరాబాదులో కోఠీయందు 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో కట్టిన బ్రిటిషు రెసిడెన్సీ ముందరి ఎత్తైన స్తంభములకును ఇట్టి సున్నపు పూతయే పూసిరి.

రాయి సున్నమై, సున్నము రాయియై

సున్నపురాయి కాల్షియము కార్బొనేటు అను పదార్థము. బట్టీలో దానిని సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చినచో అందులోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాల్చినచో 44 కిలోల వాయువు పోయి, 56 కిలోల కాలిన సున్నము మిగులును. దీనిపై నీరు పోసినచో బుసబుస పొంగి, మిక్కిలి వేడి పుట్టించి, తెల్లని పొడిగా విరియును. 56 కిలోల కాలిన సున్నము 18 కిలోల నీటిని తనలో కలుపుకొని 74 కిలోల తడిసున్నమగును. మేస్త్రీ గోడకు పూయునది దీనినే.

పూసిన సున్నము నీరారినంత మాత్రమున గట్టిపడదు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని నీటిని విడిచిపెట్టును. అనగా 74 కిలోల సున్నము 44 కిలోల వాయువును గ్రహించి, 18 కిలోల నీటిని వదలి, తిరిగి 100 కిలోల కాల్షియము కార్బొనేటుగా మారును. బట్టీలో పోగొట్టుకొన్నదంతయు గోడమీద తిరిగి సంపాదించుకొన్నదన్నమాట. ఈ మార్పు పైపొరనుండి లోపలికి సాగును. దళసరి పూతలో నెలలు, సంవత్సరములు పట్టును. కొంత తేమ యుండిననే ఇది జరుగును. అందుచేతనే పాత మేస్త్రీలు పూతను పలుచగా వేసి, ఎండకు తొందరగా ఆరిపోకుండ తడుపుచుండిరి.

ఇక పాలరాయి యన నేమి? భూగర్భమున మిక్కిలి వేడిమికి, ఒత్తిడికి లోనై, స్ఫటికములు పెరిగి గట్టిపడిన సున్నపురాయియే పాలరాయి. దాని ముఖ్య పదార్థమును కాల్షియము కార్బొనేటే. కావున గోడమీది సున్నపు పూత పాలరాతిని చూపులో అనుకరించుచు, పదార్థములో దానికి సోదరియై యున్నది. భూమి యుగములలో చేసిన పనిని మేస్త్రీ కొలదికాలములో, చిన్న ప్రమాణమున చేసినాడు. స్ఫటికముల పరిమాణములోను, గట్టిదనములోను భేదమున్నది గాని జాతిలో భేదము లేదు.

బెల్లము, కరక్కాయ

తెలంగాణములో గానుగలో ఎడ్లచేత రుబ్బించిన సున్నమునకు డంగుసున్నమని పేరు. రేగడి నేలలలో దొరకు సున్నపు గడ్డలను కాల్చియు సున్నము చేయుదురు. వానిలో కొంత బంకమట్టి కలిసియుండుటచే ఆ సున్నము తడిలోను కొంతవరకు గట్టిపడును. ఇసుక, ఇటుకపొడి, బెల్లపు నీరు, కరక్కాయ కషాయము దీనికి చేర్చుదురు.

బెల్లము ఎందులకు? మామూలు నీరు లీటరుకు సుమారు ఒకటిన్నర గ్రాముల సున్నమును మాత్రమే కరగించుకొనగలదు. చక్కెర కలిసిన నీరు అంతకు అనేక రెట్లు కరగించుకొనును. చక్కెర సున్నముతో కలిసి నీటిలో కరుగు సంయోగ పదార్థముల నిచ్చుటయే దీనికి కారణము. బెల్లపు నీటితో ముద్ద మెత్తనై తాపీకి లొంగును. తక్కువ నీరు చాలును. నీరు తగ్గిన కొలది ఎండునప్పుడు పగుళ్లును తగ్గును. కరక్కాయలోని టానినులు, పప్పుగంజి, తెల్లసొన మొదలగు జిగురు పదార్థములు సున్నపు స్ఫటికములు ఏర్పడు తీరును మార్చునని నేటి పరిశోధనలు చూపుచున్నవి. ఐతే ఇవి మోతాదు మించినచో పూత బలము తగ్గును.

చెరకునకు పేరుపొందిన బోధన్ ప్రాంతపు విద్యార్థులకు ఇచ్చట మరియొక సంగతి చెప్పవలెను. 1937లో స్థాపితమై 2015లో మూతబడిన నిజాం చక్కెర కర్మాగారము పేరు ఈ ప్రాంతమున అందరును ఎరిగినదే. ఏ చక్కెర కర్మాగారములోనైనను చెరకురసములో పాలసున్నము కలిపి దాని పులుపును పోగొట్టి, మలినములను అడుగునకు దించుదురు. కార్బొనేషను అను పద్ధతిలో ఆ రసములోనికి బొగ్గుపులుసు వాయువును కూడ పంపి, సున్నమును కాల్షియము కార్బొనేటుగా మార్చి వడపోయుదురు. రసమును శుభ్రపరచుటకు చక్కెర పనివాడు సున్నమును పిలిచెను. సున్నమును మెత్తపరచుటకు మేస్త్రీ బెల్లమును పిలిచెను. గోడమీద నెలల తరబడి జరుగు మార్పు కర్మాగారపు తొట్టిలో కొలది నిమిషములలో జరుగును.

మేస్త్రీ చేతిపని

మొదటి పూత గరుకుగా ఉండును. గోడలోని ఎగుడుదిగుడులను సరిచేసి, పైపూతకు పట్టు నిచ్చుట దాని పని. రెండవ పూత అంతకంటె సన్నని ఇసుకతో వేయుదురు. చివరి పూతకు చాలదినములు నీటిలో నానవేసి, వస్త్రగాళితము చేసిన సున్నము కావలెను; పాలరాతి పొడియో గుల్లల పొడియో కలిపినచో మెరుపు హెచ్చును. పూత తడి ఆరుచుండగా నునుపురాతితో మరల మరల రుద్దుదురు. ఒత్తిడికి రేణువులు దగ్గరపడి, పైభాగము దట్టమై, వెలుగును అద్దమువలె ప్రతిఫలింపజేయును.

రాతి చారలు కావలెనన్నచో పూత తడిగా నున్నప్పుడే రంగునీటితో సన్నని కుంచెను నడిపింతురు. సున్నము గట్టిపడుచు రంగురేణువులను తన స్ఫటికములలో బంధించును, జిగురుతో పనిలేదు. కాని అన్ని రంగులును సున్నపు క్షారమునకు నిలువవు. జాజు, పసుపుమన్ను మొదలగు ఇనుపమన్ను రంగులును, దీపపు మసియు నిలుచును. ప్రష్యను నీలము సున్నములో చెడిపోవును. కావున పాతగోడలలో ఎరుపు, పసుపు, నలుపు వన్నెలు ఎక్కువగా కనబడుటకు అభిరుచి మాత్రమే కాక రసాయన నియమమును కారణమే.

సిమెంటు, ప్లాస్టిక్ రంగులు

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండు సిమెంటుకు హక్కుపత్రము పొందెను. 20వ శతాబ్దిలో సిమెంటు మన ఊళ్లకును వచ్చెను. ఇది నీటితోనే గట్టిపడును, గంటలలో బిగియును, గానుగ యక్కరలేదు. మేస్త్రీకి, ఇంటి యజమానికి కాలము కలిసివచ్చెను. సున్నమునకు సాయపడిన బెల్లమే సిమెంటుకు శత్రువగుట వింత: చక్కెర మిక్కిలి కొద్దిగా కలిసినను సిమెంటు బిగియుట చాల ఆలస్యమగును.

నేటి గరుకు పూతలలో రాతిపొడి, ముఖ్యముగా కాల్షియము కార్బొనేటు పొడి, యాక్రిలిక్ అను కృత్రిమ జిగురులో కలిసియుండును. చిత్రమేమనగా, ఇందులోను పాలరాతి జాతి పదార్థమే యున్నది! కాని ఇచ్చట రేణువులను పట్టియుంచునది రాయి కాదు, జిగురు. కొత్త సిమెంటు గోడపై, తడి లేనిచోట, ఈ పూతలు చక్కగా పనిచేయును. పలురంగులు లభించును, పని త్వరగా ముగియును. వానిని నిందింప బనిలేదు.

పాతగోడలపై మాత్రము చిక్కు వచ్చును. పూర్వపు ఇండ్లలో నేలతేమ పైకి రాకుండ ఆపు పొర సాధారణముగా ఉండదు. దీపపు వత్తిలో నూనె వలె తేమ గోడలోనికి ఎక్కును. సున్నపు పూతలో సూక్ష్మరంధ్రము లుండుటచే ఆ తేమ ఆవిరియై బయటికి పోవును. దానిపై దట్టమైన సిమెంటో ప్లాస్టిక్ రంగో వేసినచో దారి మూసికొనిపోవును. తేమతో వచ్చిన లవణములు పూత వెనుక స్ఫటికములై పెరిగి, పూతను పొక్కులుగా పైకి నెట్టును. యజమాని మరల గట్టి సిమెంటు వేయించును. తేమ ఇంకను పైకెక్కును. భీమ్‌గల్, ఆర్మూరు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పనికి పోయినవారు పెక్కురు. ఆ సంపాదనతో పాత ఇల్లు బాగుచేయించుకొనువారు ఈ సంగతి ముందుగా తెలిసికొన్నచో ధనమును మిగులును, గోడయు మిగులును.

పెద్ద కట్టడములు నేర్పిన పాఠమును ఇదియే. 2013లో మొదలైన కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో, 20వ శతాబ్దిలో వేసిన సిమెంటు పొరలను తొలగించి తిరిగి సున్నపు పూత వేసిరి. 2019 మేలో చార్మినారు మినారొకదానినుండి గార అలంకారపు ముక్క ఊడిపడగా, గారపనివారి అవసరము అందరికిని తెలిసెను. దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించెను. ఇట్టి పనులకు ధనము దొరకినను, సున్నమును రుబ్బి, పూసి, మెరుగుపెట్టగల చేతులు దొరకుట నానాటికి కష్టమగుచున్నది.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఉపాధ్యాయుని సమక్షమున, తేరిన సున్నపునీటిని గాజుగొట్టములో పోసి, సన్నని గొట్టముతో దానిలోనికి ఊపిరి ఊదవలెను, పీల్చరాదు. నీరు పాలవలె తెల్లబడును. గోడమీద జరుగు మార్పు ఇదియే: ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నమును రాతిరేణువులుగా మార్చినది. సున్నము కంటికి హాని చేయును. కావున జాగ్రత్త అవసరము. కాలిన సున్నమును పిల్లలు ముట్టరాదు.

రాలిపడిన పాత సున్నపుపెచ్చుపై నిమ్మరసపు చుక్క వేసినచో బుడగలు వచ్చును. పాలరాతి ముక్కపైనను అట్లే వచ్చును, గ్రానైటుపై రావు. సిమెంటు పెచ్చునుండి కూడ కొన్ని బుడగలు రావచ్చును. అందుచే గోడకు మరియొక పరీక్ష చేయవలెను. నీటిచుక్క వేసి చూచినచో, ఊరక వెల్లవేసిన సున్నపుగోడ దానిని పీల్చుకొనును. ప్లాస్టిక్ రంగు వేసిన గోడపై అది జారిపోవును. మెరుగుపెట్టిన గార మాత్రము చుక్కను నెమ్మదిగా పీల్చును.

ఈ పరీక్షలకు ఖర్చు లేదు. తమ ఊరిలోని పాత ఇండ్ల గోడలు దేనితో చేసినవో, వానిపై తరువాత ఏమి పూసిరో, ఎచ్చట పొక్కులు వచ్చినవో విద్యార్థులు ఇంటి పెద్దల అనుమతితో పరిశీలించి పట్టిక వ్రాయవచ్చును. డంగుసున్నము రుబ్బిన వృద్ధ మేస్త్రీలు ఊరిలో నున్నచో పాళ్లను, నానవేయు దినములను, రుద్దు విధానమును అడిగి వ్రాసికొనవలెను. గోడలోని రసాయన శాస్త్రము పుస్తకములలో నున్నది. చేతిలోని కొలత మాత్రము ఆ వృద్ధుల యొద్దనే యున్నది.